కథ రాస్తే వ్యాసంలా, నాటిక రాస్తే ఉపన్యాసంలా వస్తోంది

కొత్తకలం:
నమస్తే అండి. కథలు, నాటికలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాసి చూశాను: అమ్మ పోయాక ఆవిడ బీరువా తాళం కోసం అక్కాతమ్ముళ్ల మధ్య గొడవ. కథలో అక్క ఎంత బాధపడిందో పేజీలకొద్దీ రాస్తే, చదివిన స్నేహితురాలు "ఇంతకీ ఏం జరిగింది?" అంది. నాటికలోనేమో ఇద్దరూ ఒకే గొంతుతో మనసులో ఉన్నదంతా చెప్పేసుకుంటున్నారు. ముందు ప్లాట్ నేర్చుకోవాలా, పాత్రలా, సంభాషణలా? కథ మెల్లగా పైకెక్కి, పతాక స్థాయికి చేరి, మళ్లీ కిందికి దిగాలని పుస్తకాల్లో చూపించే ఆ పిరమిడ్ బొమ్మ చూస్తే ఇంకా టెన్షన్ వస్తోంది.

తెరవెనుక:
పిరమిడ్‌ని కాసేపు పక్కన పెట్టండి. ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో దాన్ని చెప్పింది అప్పటికే ఉన్న నాటకాలను విడదీసి చూపడానికి. రాసేసినదాన్ని పరీక్షించుకోవడానికి పనికొస్తుంది. ఖాళీ కాగితం ముందు కూర్చున్నవాళ్లకు అంతగా ఉపయోగపడదు.

నేను నాటికలు రాస్తాను, రిహార్సల్స్‌లో కూర్చుంటాను, కాబట్టి అటువైపు నుంచే చెప్తాను. మీ అక్కకి బాధ ఉంది, సరే. ఆ పది నిమిషాల్లో ఆవిడకి కావలసిందేమిటి? తాళం. తమ్ముడికి? బీరువా తెరవకుండానే అక్క వెళ్లిపోవాలి. ఎందుకో మీరే తేల్చుకోండి, అందులోని గొలుసు ఇప్పటికే అమ్మేశాడేమో! ఇంత దొరికితే బాధ గురించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

అక్క: తాళం ఎక్కడ పెట్టావురా?
తమ్ముడు: కాసేపు పడుకోవచ్చుగా అక్కా. కళ్లు చూడు ఎలా ఉన్నాయో.
అక్క: జేబులో ఏంటది?
తమ్ముడు: చిల్లర.

ఇద్దరూ అసలు మాట ఎత్తలేదు, అయినా ప్రేక్షకుడికి అర్థమైపోయింది. గొంతులూ వాటంతటవే వేరయ్యాయి. ఆవిడ సూటిగా అడుగుతుంది, వాడు మాట దాటేస్తాడు. ఊతపదాలు అతికించి పాత్రలను వేరు చేయాలని చూస్తారు చాలామంది. నన్నడిగితే అది చివర్లో చేసే పని, చేయకపోయినా కొంపలేం మునగవు.

కథలో మీకు రంగస్థలం మీద లేని వెసులుబాటు ఉంది, పాత్ర తలలోకి దూరొచ్చు. మొదట్లో ఒక్కరి తలలోకే దూరండి. అక్క వైపు నుంచి రాస్తే గొలుసు సంగతి పాఠకుడికీ తెలియదు, ఆవిడతో పాటే అనుమానపడతాడు. తమ్ముడి వైపు నుంచి రాస్తే మొదటి నుంచీ తెలుసు, వీడెప్పుడు దొరికిపోతాడా అని చూస్తుంటాడు. రెండూ రాసి, ఏది చదవబుద్ధేస్తే అది ఉంచుకోండి.

పాతపాఠకుడు:
తెరవెనుక గారు చెప్పినదాంట్లో ఒక్కచోట నాకు పేచీ ఉంది. నాటిక సంగతి అలా ఉంచితే, కథలో బాధను చెప్పకూడదని రూలేం లేదు. ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్తే సరిపోతుంది. "ఆ తర్వాత పదేళ్లు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు" అని గతాన్ని దాటేయడం కథకుడికి చిటికెలో పని, స్టేజీ మీద చేసి చూడండి తెలుస్తుంది!

ఇక ప్రారంభం. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటి కథ. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్త తలుపు దగ్గరే అది మొదలవుతుంది, ఆ దంపతుల సంగతులన్నీ తర్వాతే. మీరు అమ్మ జబ్బుతో మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం. బీరువా దగ్గర మొదలుపెట్టండి.

కొత్తకలం:
జబ్బుతోనే మొదలుపెట్టానండి, ఎలా కనిపెట్టారు! ఇంకొక్కటి అడుగుతాను. తమ్ముడు బయటికెళ్లినప్పుడు అక్కకి స్వగతం పెట్టొచ్చా?

తెరవెనుక:
పెట్టొచ్చు. అయితే ఆ స్వగతంలో కూడా ఆవిడ ఏదో ఒకటి తేల్చుకుంటూ ఉండాలి. వాడి చొక్కా కొక్కేనికి వేలాడుతోంది, జేబులో చెయ్యి పెట్టాలా వద్దా? ఊరికే జ్ఞాపకాలు వల్లించిందంటే జనం ఫోన్లు తీస్తారు.

రాశాక ఇద్దరి చేత పైకి చదివించండి. మీరు మాత్రం చదవొద్దు. కాగితం మీద లేని భావాన్ని రాసినవాళ్లు గొంతుతో పూడ్చేస్తారు. చదివేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ డైలాగులు ఇక్కడ పోస్ట్ చేయండి, చూద్దాం.