గేముల్లో ట్యాంకు దెబ్బతినే తీరు: ఏది నిజానికి దగ్గర?

గోదారి గన్నర్: వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ గేములో ఒక్క హిట్ పాయింట్ (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణం లెక్క) మిగిలిన ట్యాంకు కూడా కొత్త బండిలాగే పరిగెడుతుంది, అంతే బలంగా కాలుస్తుంది. ఇదేం యుద్ధం? వార్ థండర్ అనే ఇంకో గేములో అలా కాదు. గుండు కవచాన్ని చీల్చాక ముక్కలు ఎటు చెదిరాయి, లోపల తుపాకీ పేల్చే గన్నర్‌కి తగిలాయా, మందుగుండుకి తగిలాయా అని లెక్క కడుతుంది. నా ఓటు దానికే.

రాత్రిబండి: గన్నర్ గారూ, అందులోనూ గన్నర్ పోతే కాసేపట్లో ఇంకొకడు ఆ సీట్లోకి వస్తాడు. తెగిన ట్రాక్‌ని (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాని) శత్రువు ఎదుటే బిగించేస్తారు. నిజంగా ట్రాక్ తెగితే సిబ్బంది కిందకి దిగి ఆ బరువంతా లాగి బిగించాలి. కాల్పుల మధ్య ఎవరు దిగుతారు? గుండు లోపలికి వచ్చిందంటే చాలా సార్లు బండి వదిలేసి దూకేసేవాళ్లు. ఆ ప్రాణభయం ఏ గేములోనూ లేదు.

సరదా ప్లేయర్: బ్రో, ఒక్క దెబ్బకి పోయి ఖాళీగా కూర్చోవాలంటే ఎవరు ఆడతారు? పొద్దంతా ఆఫీసు టెన్షన్ చాలదా? హిట్ పాయింట్లు ఉండాల్సిందే.

రాత్రిబండి: హాయిగా ఆడుకోండి, దాన్ని రియలిజం అనొద్దనే నా గొడవ. మందుగుండు ఎక్కడ పెట్టారన్నది వార్ థండర్ బాగానే చూపిస్తుంది, ఒప్పుకుంటాను. రష్యా ట్యాంకు టీ-72లో గుండ్లు టరెట్ (తుపాకీ ఉండే, తిరిగే పైభాగం) కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి. అవి అంటుకుంటే టరెట్ ఎగిరిపోతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా ట్యాంకులు షెర్మన్లలో, పాత రకం వాటికి కవచం చీలితే నూటికి 60-80 తగలబడేవని, గుండ్లను అడుగుభాగానికి మార్చి చుట్టూ నీళ్లు పెట్టాక అది 10-15కి తగ్గిందని 1945లో అమెరికా సైన్యం లెక్క తేల్చింది.

కానీ ట్యాంకుకి అసలు గండం చూపు దగ్గరే, లోపలున్నవాళ్లకి బయట సరిగా కనపడదు. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు పొలాలకి నీళ్లు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. చెరకుతోటల మాటున జీపు మీద 106 ఎంఎం తుపాకీతో మన సైనికుడు అబ్దుల్ హమీద్ వాటిని దగ్గర నుంచి కొట్టాడు. గేములో అయితే ట్యాంకు వెనక, పైనుంచి చూసే కెమెరాకి ఆ జీపు ముందే కనపడేది.

గోదారి గన్నర్: వార్ థండర్ సిమ్యులేటర్ మోడ్‌లో ఆ కెమెరా లేదుగా!

రాత్రిబండి: అందుకే నేను ఆడేది అదొక్కటే. అక్కడ కూడా ట్రాక్ మాత్రం కూర్చున్న చోటే అతుక్కుంటుంది.