ఆసుపత్రిలో చేరినప్పుడు పార్కిన్సన్స్ మాత్రలు మన దగ్గరే ఉంచుకోవాలా, నర్సుకి అప్పగించాలా?

నాన్నకి_తోడు:
నాన్నగారికి వచ్చే వారం తుంటి ఆపరేషన్. పార్కిన్సన్స్‌కి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకి ఐదుసార్లు వేసుకుంటారు. మొదటిది పొద్దున్న 6కి, తర్వాత మూడేసి గంటలకి ఒకటి. కాస్త ఆలస్యమైతే చాలు, మంచం మీద పక్కకి తిరగడం కూడా ఆయన వల్ల కాదు. చేరగానే మందులన్నీ నర్సుకి అప్పగించాలని, వార్డు రౌండ్ల టైంకే ఇస్తామని ఆసుపత్రి వాళ్ళు అంటున్నారు. రూల్ కదా, ఇచ్చేద్దాం అంటున్నాడు అన్నయ్య. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

పదేళ్ళుగా_పార్కిన్సన్స్:
ఇవ్వొద్దమ్మా. పేషెంటుగా చెబుతున్నాను. బీపీ మాత్ర గంట అటూ ఇటూ అయినా పెద్ద తేడా ఉండదు. ఇది అలా కాదు. కార్బిడోపా తోడున్నా లెవోడోపా రక్తంలో సగానికి పడిపోవడానికి గంటన్నర చాలు. మెదడులో ఈ మందు డోపమైన్‌గా మారుతుంది, ఒంటి కదలికకి కావాల్సింది అదే. జబ్బు కొత్తలో మెదడు కొంత డోపమైన్‌ని దాచుకోగలుగుతుంది కాబట్టి ఆలస్యం తెలియదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నిల్వ తగ్గిపోతుంది, ఒక్కో డోసు మీదే ఒంటి కదలిక ఆధారపడుతుంది. ఒకసారి నేను జ్వరంతో చేరినప్పుడు 6 గంటల మాత్ర 8 దాటాక, అదీ భోజనంతో కలిపి ఇచ్చారు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే కొందరికి మందు సరిగా ఎక్కదు, నాకు అంతే. మధ్యాహ్నం దాకా మాట కూడా స్పష్టంగా రాలేదు. అరగంటకి మించి తేడా రాకుండా లెవోడోపా ఇవ్వాలని బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లోనే నాణ్యతా ప్రమాణంగా పెట్టింది. రౌండ్ల కోసం రోగి టైం మార్చడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వార్డు_నర్సు:
బాబాయ్ గారూ, మీ బాధ నిజం. అయినా దాచుకోమని సలహా ఇవ్వడం నాకు భయంగా ఉంది. దిండు కింద ఉన్న స్ట్రిప్ సంగతి ఛార్టులో ఉండదు. కూతురు ఒకటి వేస్తుంది, పావుగంట తర్వాత డ్యూటీ నర్సు ఇంకొకటి ఇస్తుంది. లేవబోతే బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. తుంటి ఆపరేషన్ అయిన మనిషి పడిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళలో లేనివి కనబడటం, కంగారు కూడా మొదలవొచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రాసాజిలిన్, సెలెజిలిన్ లాంటి మాత్రలు కూడా వాడుతుంటే నొప్పి మందుల్లో పెథిడిన్ ఇవ్వకూడదు, ట్రామడాల్‌తోనూ ప్రమాదమే. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమివ్వాలో నిర్ణయించే మత్తు డాక్టరుకి ఆ సంగతి తెలియకపోతే ఎలా? మాత్రలు ఎవరి చేతిలో ఉన్నా, జాబితా మాత్రం మొత్తం మాకు తెలియాలి.

పదేళ్ళుగా_పార్కిన్సన్స్:
జాబితా దాచమని నేను ఎక్కడా అనలేదు తల్లీ. చేతిలో మాత్ర ఉండాలన్నాను. రాత్రి ఒక్క నర్సు అంతమందిని చూసుకుంటుంటే, ఎవరికో ఊపిరాడకపోతే, నా 9 గంటల మాత్ర ఎవరికి గుర్తుంటుంది? అది ఆమె తప్పని కాదు. కానీ బిగుసుకుపోయేది నేను.

మందుల_కౌంటర్:
ఫార్మసీలో పనిచేస్తాను. ఎవరి దగ్గర ఉంచాలన్న దానికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. ఆపరేషన్ తర్వాత వాంతులొస్తే వెంటనే గుర్తొచ్చే ఇంజెక్షన్ మెటోక్లోప్రమైడ్. అది మెదడులో డోపమైన్‌ని అడ్డుకుంటుంది, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి పనికిరాదు. ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. రాత్రి కంగారుపడి కేకలేస్తే ఇచ్చే హాలోపెరిడాల్ కూడా వద్దు. ఈ మూడు పేర్లూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫైలు ముందు పెట్టండి. వీటికి బదులు ఏమివ్వాలో డాక్టర్లకి తెలుసు.

‘ఆపరేషన్ ముందు నోటితో ఏమీ వద్దు’ అన్నారని మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. చాలాసార్లు గుక్కెడు నీళ్ళతో వేసుకోనిస్తారు, ముందే మత్తు డాక్టరుని అడగండి. మింగడం కుదరకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇవ్వడమో, చర్మానికి అంటించే రోటిగోటిన్ ప్యాచ్ వాడటమో వాళ్ళు ఆలోచిస్తారు. ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు కొయ్యబారి, విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకి రావొచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రని నూరి గొట్టంలో పోయకూడదు. రక్తం తగ్గిందని ఐరన్ మాత్రలు రాస్తే, రెండిటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచమని అడగండి. ఐరన్ లెవోడోపాని ఒంటికి పట్టనివ్వదు.

అమ్మ_మందులు:
మా అమ్మకి జ్ఞాపకశక్తి తగ్గింది. డబ్బా తన దగ్గరుంటే వేసుకున్న మాత్రే మళ్ళీ వేసుకుంటుంది. అలాంటివాళ్ళ విషయంలో బాబాయ్ గారి మాట కుదరదు. పైగా మత్తు దిగాక మొదటి రోజు, మామూలుగా తెలివిగా ఉండేవాళ్ళకి కూడా అయోమయంగా ఉంటుంది. తోడున్నవాళ్ళు ఇరవైనాలుగు గంటలూ ఉండగలరా అనేది కూడా చూసుకోవాలి.

నాన్నకి_తోడు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి మతిమరుపు లేదు, రాసాజిలిన్ కూడా వాడుతున్నారు. నర్సు అక్కా, మాత్ర నేను ఇచ్చి, టైం మీ ఛార్టులో రాయించడానికి వార్డులో ఒప్పుకుంటారా?

వార్డు_నర్సు:
చాలాచోట్ల ఒప్పుకుంటారు, కానీ డాక్టరు రాసివ్వాలి. చేరే రోజు కాదు, ఇప్పుడే అడగండి. ‘రోజుకి ఐదుసార్లు’ అని రాయనివ్వకండి, అలా రాస్తే మేం రౌండ్లకే సర్దుతాం. 6, 9, 12, 3, 6 అని గంటలు వేయించండి. ఒరిజినల్ డబ్బాలతోనే తీసుకురండి. మీరు మాత్ర ఇచ్చిన ప్రతిసారీ డ్యూటీ నర్సుకి చెప్పి, ఆమె సంతకం పెట్టేదాకా కదలకండి. మత్తు దిగే ఆ మొదటి పూట మాత్రం ఇచ్చే పని మాకే వదిలేయండి, మింగగలుగుతున్నారో లేదో ముందు మేం చూడాలి.

పదేళ్ళుగా_పార్కిన్సన్స్:
ఆ మొదటి పూట సంగతి ఒప్పుకుంటాను. కానీ అమ్మా, టైం దాటి పది నిమిషాలైనా ఎవరూ రాకపోతే వెళ్ళి అడుగు, మొహమాటపడకు.