లేహ్‌లో దిగిన మర్నాడే ఖర్దుంగ్ లా ఎక్కొచ్చా? నాన్నగారికి 63 ఏళ్లు

గుంటూరు బాటసారి:
జూన్‌లో అమ్మానాన్నలతో లద్దాఖ్ వెళ్తున్నాం. ఢిల్లీ నుంచి పొద్దున ఫ్లైట్‌లో లేహ్, మొత్తం ఐదు రోజులు. ట్రావెల్స్ వాళ్లు రెండో రోజే ఖర్దుంగ్ లా అనే ఎత్తైన కనుమ మీదుగా నుబ్రా లోయ, ఆ తర్వాత పాంగాంగ్ సరస్సు పెట్టారు. నాన్నగారికి బీపీ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. అయినా టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు ఆడపిల్ల:
అన్నయ్యా, దయచేసి ఆ రెండో రోజు ప్లాన్ మార్చండి. మేం అచ్చంగా ఇదే తప్పు చేశాం.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో వెళ్తే ఆ పల్చటి గాలికి ఒళ్లు అలవాటుపడే వ్యవధే ఉండదు. దిగిన రోజు మా అమ్మ హుషారుగానే ఉంది. మెయిన్ బజార్‌లో ఎండు ఆప్రికాట్లు కొంది, వద్దంటున్నా శాంతి స్తూపం మెట్లు ఎక్కింది. రాత్రి తలనొప్పి అంది. నిద్ర చాలలేదేమో అనుకుని అమృతాంజనం రాసి పడుకోబెట్టాను. తెల్లారి టీ కూడా ముట్టలేదు. కానీ బండి వచ్చేసింది, డబ్బు కట్టేశాం, బయల్దేరాం.

ఖర్దుంగ్ లా ఎక్కే దారిలో సౌత్ పుల్లు చెక్‌పోస్ట్ దాటాక రెండు వాంతులయ్యాయి. తర్వాత నన్ను చూసి మా చెల్లి పేరు పెట్టి పిలిచింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డ్రైవర్ లద్దాఖీ అబ్బాయి, పాతికేళ్లు కూడా ఉండవు. నేను నోరు తెరవకముందే బండి వెనక్కి తిప్పేశాడు.

ఆస్పత్రిలో రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ నన్ను నా పేరుతో పిలిచి పెరుగన్నం అడిగింది. ఆ సాయంత్రం డ్రైవర్ వాళ్లింటి నుంచి ఫ్లాస్కులో వేడి తుక్పా, అంటే వాళ్ల నూడుల్స్ సూప్, తెచ్చాడు. డబ్బిస్తే తీసుకోలేదు. పాంగాంగ్ చూడలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ లేదు. తలనొప్పి ఉండగా ఇంకా పైకి తీసుకెళ్లానే, అదే బాధ.

నెల్లూరు మాస్టారు:
బాబూ, వీలైతే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్లండి. కార్గిల్ సుమారు 2,700 మీటర్లే, రాత్రి అక్కడ ఆగితే ఒళ్లు సర్దుకుంటుంది. మనాలి దారిలో సర్చులో పడుకోవాలంటే 4,200 పైనే, పెద్దవాళ్లతో వద్దు. ఎత్తు పడకపోవడానికి ముందుగా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి నాన్నగారి డాక్టర్‌నే అడగండి, బీపీ మాత్రలు చూపించి మరీ. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

గుంటూరు బాటసారి:
చెల్లెమ్మా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. టికెట్లు మార్చడం కుదరలేదు గానీ ప్లాన్ మార్చేశాం. మొదటి రెండు రోజులు లేహ్‌లో గది దాటం. తర్వాత నిమ్ము, ఆల్చి వైపు, అవి లేహ్ కన్నా పల్లం. ఖర్దుంగ్ లా, పాంగాంగ్ రెండూ తీసేశాం. నాన్నగారు ఏమంటారో అని భయపడ్డాను. రోజూ స్నానం చేస్తూ చదివే శ్లోకంలో సింధు ఉంది కదరా, నిమ్ము దగ్గర ఆ నీళ్లు తల మీద చల్లుకుంటే నాకు చాలు అన్నారు.