ఈత కొలనులో వికారం: మాత్ర వేసుకుని దిగాలా, ఓర్చుకుని అలవాటు పడాలా?

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి, ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు 42. మోకాళ్ళ నొప్పుల వల్ల నడకకు బదులు ఈత కొట్టమని వైద్యులు చెప్పడంతో మూడు నెలలుగా మా ఇంటి దగ్గరలోని 25 మీటర్ల కొలనుకు వెళుతున్నాను. ఈత వచ్చింది. కానీ ఆరేడు సార్లు ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్ళేసరికి అడుగున ఉన్న నీలం పలకలు ఊగుతున్నట్టు కనిపిస్తాయి, నోట్లో నీళ్ళూరతాయి, గట్టెక్కాక అరగంట సేపు బల్ల మీద కూర్చుంటే తప్ప స్కూటీ నడపలేను. చిన్నప్పటి నుంచి అరకు ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకునే మనిషిని కనుక ఇదీ అదేనని అనుకుంటున్నాను. బస్సెక్కే ముందు వేసుకునే మాత్రనే కొలనుకు ముందూ వేసుకోమని మావారు అంటున్నారు. ఓర్చుకుంటే అదే పోతుందని మా శిక్షకుడు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

విశ్రాంత నావికుడు

అమ్మా, శిక్షకుడి మాటే వినండి. తూర్పు నౌకాదళంలో ఉన్న రోజుల్లో, మొదటిసారి ఓడెక్కి వాంతి చేసుకోని కుర్రాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. వాళ్ళలో చాలామంది రెండు మూడు రోజులు గడిచేసరికి భోజనాల దగ్గర అందరికంటే ముందు నిలబడేవారు. శరీరం ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఎదురుగా ఉన్న గోడ కదలడం లేదని కళ్ళు చెబుతాయి. ఆ తగవు తీర్చడం మెదడుకు అలవడేదాకానే ఈ బాధ. మాత్ర వేసుకుంటే ఆ అలవాటు ఇంకా ఆలస్యమవుతుంది.

గాజువాక నుంచి

పెద్దవారు, కాదనడానికి సంకోచంగానే ఉంది. కానీ నావికుడు ఓడలో రాత్రింబవళ్ళు ఊగుతాడు కనుక అలవాటు పడతాడు. ఈవిడ వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున ఊగి, మిగిలిన కాలమంతా కదలని నేల మీదే ఉంటారు. ఈ లెక్కన ఎన్ని నెలలు ఓర్చుకోవాలి? నేను మాత్ర వేసుకునే ఏడాదిగా ఈదుతున్నాను, నాకేమీ కాలేదు.

ఈత శిక్షకుడు

మీకేమీ కాకపోవడం మీ అదృష్టమండీ. ఆవొమిన్ వంటి మాత్రలు మత్తు కలిగిస్తాయి. బస్సులో మత్తు వస్తే పక్కవారి భుజం మీద తల వాలుస్తాం. నీటిలో అలా వాలడానికి ఏమీ లేదు. నా దగ్గరకు వచ్చేవారెవరైనా అటువంటి మాత్ర వేసుకున్నామని చెబితే ఆ రోజు నేను వారిని నీటిలోకి దిగనివ్వను. అలాగని ఈవిడ శిక్షకుడు చెప్పినట్టు ఊరికే ఓర్చుకోమనడాన్ని కూడా ఒప్పుకోను, ఎందుకంటే ఈవిడకు వస్తున్నది ప్రయాణ వికారమే అని ఇంకా ఎవరూ తేల్చలేదు.

కొత్తగా ఫ్రీస్టైల్ నేర్చినవారు ముఖం నీటిలో ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టి, తల పక్కకు తిప్పిన ఆ ఒక్క క్షణంలోనే పాత గాలి వదలడం, కొత్త గాలి పీల్చడం రెండూ చేయబోతారు. బొగ్గుపులుసు వాయువు లోపల పేరుకుని తల బరువెక్కుతుంది. మింగిన గాలితో కడుపు ఉబ్బి వికారం మొదలవుతుంది. దీనికి మందు ముక్కుతో నీటిలోకి బుడగలు వదులుతూనే ఉండడం. ఇక తల తిప్పే తీరు చూడండి. గాలి అందదేమోనన్న భయంతో చాలామంది పైకప్పు కనిపించేదాకా తిప్పుతారు. కళ్ళద్దాల్లో ఒకటి నీటిలోనే ఉండి, రెండోది మాత్రమే పైకి వస్తే చాలు. తిప్పడం వల్లనే బాధా, కాదా అని తేల్చుకోవడానికి ఒక వారం ముఖం ముందు నిలువుగా ఉండే స్నార్కెల్ (తల తిప్పకుండానే గాలి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని, అడుగున ఉన్న నల్ల గీత మీదే చూపు నిలిపి ఈదండి. వికారం పోతే దోషం తల తిప్పడంలోనే ఉన్నట్టు.

ఆడియాలజిస్ట్

చెవిలోకి వెళ్ళే నీటి గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. వియన్నాలో రాబర్ట్ బారానీ అనే వైద్యుడు రోగుల చెవులను నీటితో కడిగేటప్పుడు, నీరు చల్లగా ఉంటే వారికి కళ్ళు తిరగడం, కనుపాపలు ఒక వైపుకు లాగినట్టు కదలడం, నీరు మరీ వేడిగా ఉంటే ఆ కదలిక ఎదురు దిశకు మారడం గమనించాడు. ఆ పరిశోధనకే 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. నేటికీ లోపలి చెవి పనితీరు తెలుసుకోవడానికి మేము 30, 44 డిగ్రీల నీటితో అదే పరీక్ష చేస్తాము, అంటే శరీర వేడి కంటే ఏడు డిగ్రీలు తక్కువ, ఏడు డిగ్రీలు ఎక్కువ. జనవరి ఉదయం ఆరుబయట ఉన్న కొలనులో దిగినవారికి, ఒక చెవిలోకి నీరు సాఫీగా వెళ్ళి, రెండో చెవికి గులిమి అడ్డుపడితే, డబ్బు కట్టకుండానే ఈ పరీక్ష జరిగిపోతుంది!

కనుక ముందు చెవులు చూపించుకోండి. గులిమి ఉంటే తీయించుకుని, రెండు చెవులకూ ఈత ప్లగ్గులు పెట్టుకుని చూడండి. కర్ణభేరికి రంధ్రం ఉన్నట్టు తేలితే వైద్యులు సరేననేదాకా దిగవద్దు. మరొక్క ప్రశ్న: పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినప్పుడు కూడా గది గిర్రున తిరిగి నిమిషం లోపు ఆగిపోతోందా? అలాగైతే అది లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పినందువల్ల కావచ్చు. దానికి ఓర్పూ కాదు, మాత్రా కాదు, తలను కొన్ని కోణాలలో తిప్పి ఆ రేణువులను తిరిగి చోటుకు చేర్చే చికిత్స ఉంది.

విశ్రాంత నావికుడు

చెవి సంగతి నాకు తోచలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా కారణాలన్నీ తీసేశాక మిగిలే కొంత వికారానికి మాత్రం అలవాటే మందని ఇప్పటికీ అంటాను. కొలను సరిపడకపోతే తెల్లవారుజామున సముద్రంలో ఈదమనండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద చూపు నిలిపితే కళ్ళకు కదలని గురి దొరుకుతుంది.

ఈత శిక్షకుడు

గురి మాట నిజమే కానీ, తల నీటిలో ఉన్నంతసేపు ఆ కొండ కనిపించదు, కింద గీతా ఉండదు, అలలు ఊపుతూనే ఉంటాయి, ఉప్పునీరు మింగితే వికారం రెట్టింపవుతుంది. పైగా ఆర్.కె. బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఎందరి ప్రాణాలు తీశాయో మీకు నేను చెప్పాలా? కొలనులోనే తల తిరిగే మనిషికి ఆ సలహా వద్దండీ.

ఎం.వి.పి. కాలనీ నుంచి

నెల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పక్క మీద ఒత్తిగిలితే నాకేమీ కావడం లేదు. ఎడమ చెవిలో మాత్రం శనగగింజంత గులిమి ఉందట, తీశారు. ప్లగ్గులు పెట్టుకున్న మొదటి వారమే పలకలు ఊగడం సగానికి సగం తగ్గింది. స్నార్కెల్‌తో ఈదిన రోజుల్లో వికారం అసలు రాలేదు, తీసేస్తే కొంచెం వస్తోంది. కనుక పెద్దవారు చెప్పిన ఓర్పు ఆ కొంచెం దగ్గర అవసరమవుతోంది. ఇప్పుడు రెండు సార్లు ఫ్రీస్టైల్, ఒకసారి తల పక్కకు తిప్పనక్కరలేని బ్రెస్ట్ స్ట్రోక్ చొప్పున పద్నాలుగు సార్లు వెళ్ళగలుగుతున్నాను. పిల్లలు దూకి అలలు లేపే సాయంత్రాలు మాని ఉదయం ఆరు గంటలకే వెళుతున్నాను. మావారు ఇంకా మాత్ర పక్షానే ఉన్నారు. వచ్చే నెల అరకు ప్రయాణంలో ఆయన మాట తప్పక వింటాను. ఆ బస్సు నడిపేది నేను కాదు కదా.