వీ-క్రాస్‌కు 2 అంగుళాల లిఫ్ట్: స్పేసర్ చాలా, పూర్తి కిట్టే కావాలా?

కాలవగట్టు:
బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, 1.9 డీజిల్ ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్. టైర్లు కంపెనీవే, 255/60 ఆర్ 18. వారంలో ఐదు రోజులు విజయవాడ-హైదరాబాద్ హైవే, రెండు రోజులు కాలవ గట్లు, వానాకాలం నల్లరేగడి. తొట్టిలో ఎప్పుడూ ఓ 100 కిలోలు ఉంటాయి. సీజన్లో దాని మీద ఆరు యూరియా బస్తాలు, అంటే ఇంకో 270. బండిని 2 అంగుళాలు లేపాలంటే మెకానిక్ చెప్పేది: ముందు షాకర్ల మీద 25 మి.మీ. స్పేసర్ (దిమ్మ), వెనక కమాను కట్ట కింద దిమ్మ, ఒక పూటలో పని అయిపోతుంది. కొత్త స్ప్రింగులు, షాకర్లతో పూర్తి కిట్ అయితే లక్ష దాటుతోంది. తేడా నిజంగా ఉందా, పేరుకేనా?

షాకర్‌శాస్త్రి:
ఉంది. అది బండి నిలబడి ఉన్నప్పుడు కనపడదు, చక్రం వేలాడినప్పుడు కనపడుతుంది.

ముందు షాకర్ అడుగు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది చెయ్యి) మీద మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం దగ్గర కాదు. అందుకే పైన 25 మి.మీ. దిమ్మ పెడితే చక్రం దగ్గర 45 నుంచి 50 మి.మీ. ఎత్తు వస్తుంది. ఇక్కడే తిరకాసు. స్ప్రింగ్ పాతదే, షాకర్ పాతదే, మొత్తం అసెంబ్లీ కిందికి జరిగిందంతే. చక్రం గుంతలోకి జారినప్పుడు ముందుకన్నా ఆ 45-50 మి.మీ. అదనంగా కిందికి దిగుతుంది. సీవీ జాయింటు (ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు వంగే కీలు), పై బాల్ జాయింటు వాటి హద్దు దాటి వంగుతాయి, అప్పర్ ఆర్మ్ స్ప్రింగుకు తగులుతుంది. మరోవైపు చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు బంప్ స్టాప్ (రబ్బరు అడ్డు) ఆపేలోపే షాకర్ లోపల పిస్టన్ అడుగుకు కొట్టుకోవచ్చు. రెండు మూడు దెబ్బలకే ఆయిల్ సీలు పోతుంది.

కిట్‌లో స్ప్రింగే పొడవు, లేదా గట్టిది. షాకర్ పొడవు దాని కొలత ప్రకారం కట్టి ఉంటుంది. ఎత్తు అంతే వచ్చినా చక్రం వేలాడే హద్దు కొద్దిగానే పెరుగుతుంది, పైకి వెళ్లే ప్రయాణం మాత్రం బాగా పెరుగుతుంది. మీరు డబ్బు పెట్టేది ఆ ప్రయాణానికి.

తక్కువెత్తు:
శాస్త్రిగారు చెప్పింది 25 మి.మీ. దిమ్మకు కరెక్టే, కానీ దాంతో స్పేసర్ జాతినంతటినీ కొట్టేయడం అన్యాయం. 12 మి.మీ. దిమ్మ వేస్తే చక్రం దగ్గర 25 దాకా వస్తుంది, ఆ మాత్రం వంపు సీవీలు మోస్తాయి. రైడ్ మారదు, ఎందుకంటే స్ప్రింగ్ మారలేదు. వారంలో ఐదు రోజులు హైవే మీద తిరిగే బండికి ఇంకేం కావాలి?

షాకర్‌శాస్త్రి:
ముందు మాత్రమే 25 లేపి వెనక వదిలేస్తే ఖాళీ బండి సమంగా, చూడముచ్చటగా ఉంటుంది. ఆరు బస్తాలు వేయగానే వెనక కుంగుతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది, ఎదురొచ్చేవాడి కళ్లల్లో హెడ్‌లైట్ పడుతుంది. కంపెనీ పికప్ వెనక భాగాన్ని ఎత్తుగా పెట్టింది సరదాకి కాదు.

టైరుమాట:
ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. కాలవగట్టు గారూ, బండి ఎక్కడ తగులుతోంది? గాడి మధ్య దిబ్బ వెనక డిఫరెన్షియల్ గుండుకు (యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బాకు) తగులుతుంటే ఏ లిఫ్ట్ కిట్టూ దాన్ని ఒక్క మి.మీ. కూడా లేపదు. యాక్సిల్ నేలకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది టైరు ఒక్కటే.

లెక్క చూడండి. మీ 255/60 ఆర్ 18 వ్యాసం 763 మి.మీ. ఫార్చ్యూనర్ సైజు 265/60 ఆర్ 18 అయితే 775, అంటే గుండు కింద లాభం 6 మి.మీ. 265/65 ఆర్ 18 అయితే సుమారు 802, లాభం 19 పైచిలుకు. కానీ అప్పుడు మీటరు 100 చూపిస్తే బండి 105లో పోతుంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ గీసుకునే అవకాశం ఉంది. నల్లరేగడి తడిస్తే ఎత్తుకన్నా టైరు మీది గాడి ముఖ్యం. హైవే టైరు గాళ్లు మట్టితో పూడి సిమెంటు రోలరులా తయారైతే 2 అంగుళాల లిఫ్ట్ ఏం చేస్తుంది? ముందు ఆల్ టెరైన్ టైర్లు వేయండి, పొలంలో గాలి తగ్గించండి, హైవే ఎక్కేముందు మళ్లీ కొట్టించండి.

కాలవగట్టు:
తగిలేది రెండు చోట్ల. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ కింది అంచు, దిగేటప్పుడు ఫుట్‌బోర్డు. వెనక గుండు తక్కువే.

టైరుమాట:
అయితే లిఫ్ట్‌కు అర్థం ఉంది, ఒప్పుకుంటాను. ఫుట్‌బోర్డు విప్పేస్తే సగం సమస్య ఉచితంగా తీరుతుందని మాత్రం మళ్లీ చెప్తాను.

పానాపట్టీ:
కిట్ కొనేవాళ్లు మోసపోయే చోటు ఇది. బండి మన శ్రీసిటీలో తయారైనా కిట్లు ఎక్కువగా ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ నుంచి వస్తాయి. ఓల్డ్ మ్యాన్ ఎమూ అయినా, ఐరన్‌మ్యాన్ అయినా, ప్రొఫెండర్ అయినా డీ-మ్యాక్స్ (వీ-క్రాస్‌కు అక్కడి పేరు) అనగానే చాలా లిస్టింగుల్లో లెక్క 3.0 డీజిల్‌కు ఉంటుంది. అక్కడ ముందు బరువైన స్టీలు బుల్ బార్, బండిని లాగే వించ్ కూడా మామూలే. మనది 1.9, తేలిక ఇంజను, ముందు బంపర్ ప్లాస్టిక్. ఆ గట్టి స్ప్రింగు ఇక్కడ వేస్తే 40 మి.మీ. ఎత్తు రావాల్సిన చోట 60 వస్తుంది, ముందు భాగం చెక్కబండిలా కొడుతుంది. 1.9కి, బుల్ బార్ లేకుండా అని రాతలో అడగండి, స్ప్రింగ్ పార్ట్ నంబరు తెప్పించుకోండి.

కమాన్లదీ అదే కథ. ఎప్పుడో వేసే 370 కిలోలు కాదు, రోజూ ఉండే 100 కిలోలు చెప్పి తీసుకోండి. 300 కిలోలు స్థిరంగా మోసే కట్ట వేస్తే ఖాళీ బండి వెనక భాగం గతుకు మీద ఎగిరి పక్కకు జరుగుతుంది. వాన పడ్డ మలుపులో అది చాలా చెడ్డది.

దిమ్మ సంగతి: ఒక్క దిమ్మ, గట్టి లోహానిది, సెంటర్ పిన్ సరిగ్గా కూర్చునేది అయితే కొంత నయం. దాని వల్ల యాక్సిల్ మెలితిరగడం పెరుగుతుంది, బురదలో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే తెలుస్తుంది. దిమ్మ మీద దిమ్మ మాత్రం వద్దు. షాకిల్ (కమాను కొసను ఛాసిస్‌కు పట్టే పట్టీ) పొడవు పెంచుతామంటే పెంచినదాంట్లో సగమే ఎత్తు వస్తుంది, 50 పెంచితే 25.

బిగింపులో మూడు మాటలు. కమాను కట్టను యాక్సిల్‌కు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి సాగిపోయినవి. ఆర్మ్ బుష్‌ల బోల్టులు, షాకిల్ బోల్టులు జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించొద్దు. బండి నేల మీద దించి, బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుని కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. మన దగ్గర కిట్ బాగాలేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. 500 కిలోమీటర్లకు యూ బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు మళ్లీ చూడాలి.

తక్కువెత్తు:
అలైన్‌మెంట్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 40 లేపితే క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మందగిస్తుంది, 100 వేగంలో బండి తేలుతున్నట్టుంటుంది. సర్దుబాటు హద్దులోకి రాకపోతే వేరే అప్పర్ ఆర్మ్‌లు కొనాలి. ఆ ఖర్చు కిట్ ధరలో ఉండదు. అందుకే నా 12 మి.మీ. దిమ్మను ఇప్పటికీ సమర్థిస్తాను.

పానాపట్టీ:
న్యాయమైన మాట. కిట్‌కు ముందొకటి, తర్వాతొకటి అలైన్‌మెంట్ ప్రింటు తీసుకుని పోల్చాలి. స్ప్రింగులు కొంత కూర్చున్నాక ఇంకోసారి. వెనక షాఫ్టు మధ్య బేరింగ్ దగ్గర బయల్దేరేటప్పుడు వణుకు వస్తే అక్కడ పలుచటి స్పేసర్ వేస్తారు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కు బ్రేక్ లోడ్ వాల్వ్ రాడ్ ఉంటుంది. అది సర్దకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది, కింద దూరి చూసుకోండి.

నియమం52:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరి సుప్రీంకోర్టు తీర్పు చదివి మొదలుపెట్టండి. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా మారకూడదు. అనుమతి లేని మార్పుకు, ఒక్కోదానికి, 182ఎ కింద రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే క్లెయిమ్ వేళ అదో తగువు.

కాలవగట్టు:
సరే, బీమా, ఆర్‌టీఓ సంగతి ముందు తేల్చుకుంటాను. ఫుట్‌బోర్డు ఈ వారమే విప్పేస్తున్నా. అవి తేలాక తేలిక స్ప్రింగులతో 40 మి.మీ. కిట్. డిఫ్ డ్రాప్ (ముందు డిఫరెన్షియల్‌ను కిందికి దించే స్పేసర్లు) కూడా వేయించాలా?

షాకర్‌శాస్త్రి:
వేయించండి. ముందు డిఫ్ 25 మి.మీ. దిగితే సీవీల వంపు తగ్గుతుంది. టూ హైలో, అంటే వెనక చక్రాలే లాగేటప్పుడు కూడా ఆ షాఫ్టులు చక్రాలతో తిరుగుతూనే ఉంటాయి, మీది హైవే బండి.

పానాపట్టీ:
40కి అక్కర్లేదు. 25 దించితే దాని కింది ప్లేటూ 25 దిగుతుంది. గట్టు మీద తగిలేది ముందు భాగమే అన్నారు కదా, లేపింది మళ్లీ దించుకోవడం ఎందుకు? విప్పకముందు నాలుగు చక్రాలకూ హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి ఫోటో తీసి పెట్టండి. బిగించాక ముందు 50 దాటి వచ్చిందంటే తప్పుడు స్ప్రింగు పంపారని అర్థం. డిఫ్ డ్రాప్‌తో సర్దుకోకండి, స్ప్రింగు వాపసు పంపండి.