వెనకనుంచి నవ్వులు వినిపించకపోతే అది హాస్యం కాదా?

పాతయాంటెన్నా:
బీబీసీ టూలో 1999లో మొదలైన ‘ది లీగ్ ఆఫ్ జెంటిల్మెన్’ అనే హాస్య ధారావాహికను మళ్లీ మొదటినుంచి చూస్తున్నాను. తెలియనివారి కోసం: రాయ్‌స్టన్ వేసీ అని ఒక కల్పిత ఊరు. మార్క్ గేటిస్, స్టీవ్ పెంబర్టన్, రీస్ షియర్‌స్మిత్ ముగ్గురే ఊళ్లో దాదాపు అందరి వేషాలూ వేస్తారు, ఆడవాళ్లతో సహా. మొదటి రెండు సీజన్లలో ప్రేక్షకుల నవ్వులు వినిపిస్తాయి. 2002లో వచ్చిన మూడో సీజనులో వాటిని తీసేశారు. నా లెక్కలో అక్కడితో ఆ కార్యక్రమం సగం చచ్చిపోయింది. కాదనేవాళ్లు ఉన్నారా?

చీకటిగది:
నేనున్నాను. ఎక్కడ నవ్వాలో నాకు నేర్పడానికి ఆ డబ్బా నవ్వులు ఎందుకండీ? మాంసం కొట్టు హిలరీ బ్రిస్ కొందరికి మాత్రమే చాటుగా అమ్మే ఆ ‘సరుకు’ ఏమిటో చివరిదాకా చెప్పరు. రెండో సీజనుకు వచ్చేసరికి ఊరి జనానికి ముక్కుల్లోంచి రక్తం కారుతుంది. భయమంతా ఆ చెప్పకపోవడంలోనే ఉంది. అక్కడ గుంపుగా ఇకిలిస్తే ఇంకేం మిగులుతుంది?

పాతయాంటెన్నా:
డబ్బా నవ్వులు కావు. బయట తీసిన దృశ్యాలను స్టూడియోలో జనానికి చూపించి, వాళ్లు నవ్వింది రికార్డు చేశారు. అవి నిజం మనుషుల నవ్వులు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి.

చీకటిగది:
నిజం మనుషులైతే ఇంకా ఘోరం.

కందిపొడి:
మొహానికి నల్లరంగు పూసుకున్న ఆ సర్కస్‌వాడు పాపా లజరూ తలుపు తట్టే దృశ్యం చూశాక నేను దీపం ఆర్పకుండా పడుకున్నాను. వెనకాల నవ్వుతున్నారో లేదో గమనించే స్థితిలో లేను.

సుబ్బులు:
ఆ నల్లరంగు మొహం వల్లే 2020లో నెట్‌ఫ్లిక్స్ ఈ కార్యక్రమాన్ని తీసేసింది. మీరింకా నవ్వుల శబ్దం దగ్గరే ఉన్నారు!

పాతయాంటెన్నా:
అది నల్లజాతి మనిషి వేషం కాదని, విదూషకుడి రంగు అని షియర్‌స్మిత్ చెప్పారు. దానికి వేరే చర్చ పెట్టండి. చీకటిగది గారూ, మాట వెనక్కి తీసుకోలేదు.

మాంచెస్టర్‌వాన:
ఆ ఊరి దృశ్యాలు తీసిన హ్యాడ్‌ఫీల్డ్ మాకు రైల్లో గంట లోపే. వచ్చిన కొత్తలో ఇంకో చిన్న ఊళ్లో పాలు కొనడానికి ఒక కొట్లోకి వెళ్లాను. కౌంటరు వెనక పెద్దాయన ఎక్కడినుంచి వచ్చావని మూడుసార్లు అడిగాడు. రెండోసారి మాంచెస్టర్ అన్నా వినిపించుకోలేదు. చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పరిచాడు. తరవాత ఈ కార్యక్రమంలో టబ్స్, ఎడ్వర్డ్ అనే మొగుడూపెళ్లాల కొట్టు చూశాను. దారిన పోయే కుర్రాడు లోపలికి వస్తే, నువ్వు ఈ ఊరివాడివేనా అని నిలదీస్తారే, అక్కడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను.

పాతయాంటెన్నా:
చూశారా! నలుగురితో కలిసి నవ్వితే దిగులు పోతుంది.

మాంచెస్టర్‌వాన:
నేను ఒక్కడినే చూశానండీ.

చీకటిగది:
ఆ టబ్స్, ఎడ్వర్డ్‌ల ముక్కులు పైకి లాగి అంటించారు, చూశారా? మొరటువాళ్లని, ఊరు దాటనివాళ్లని మొహం మీదే రాసిపెట్టారు. స్టూడియోవాళ్లు నవ్వేది ఆ ముక్కులకి.

పాతయాంటెన్నా:
ఇప్పుడు ముక్కులు కూడా తప్పా? మీకు సరుకు కావాలి, రక్తం కావాలి, మనుషులు నవ్వితే మాత్రం పడదు. ముందే చెప్పి ఉంటే నాకు ఇంత టైపు చేసే పని తప్పేది.

చీకటిగది:
అవును, పడదు. ఇంటర్ హాస్టల్లో నేను లేచి పాఠం చదివితే నా యాసకు నలభై మంది నవ్వేవారు. మాస్టారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేవారు. రెండేళ్లు. వాళ్లు కూడా నిజం మనుషులే. టబ్స్ నోరు తెరవగానే వెనకాల నవ్వు లేస్తే నాకు ఆ గది గుర్తొస్తుంది. మూడో సీజనులో ఆ గది లేదు.

కందిపొడి:
అయ్యో.

పాతయాంటెన్నా:
రాత్రినుంచి జవాబు రాసి చెరిపేస్తున్నాను. పరాయి దేశంలో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున గదికి వచ్చేవాణ్ని. తలుపు తీస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పాత డీవీడీలు పెట్టుకునేవాణ్ని. ఆ నవ్వుల్లో ఒకావిడ గొంతు అందరికన్నా అర క్షణం ముందు వినిపించేది. అన్నం తింటూ ఆవిడ ఎప్పుడు నవ్వుతుందా అని చూసేవాణ్ని. మూడో సీజనులో ఆవిడ లేదు. మీ మాస్టారు చేసింది తప్పే.

చీకటిగది:
ఆవిడ ఒక్కత్తే అయితే నాకు అభ్యంతరం లేదు.

సుబ్బులు:
అయితే మూడో సీజను చూడమంటారా, వద్దంటారా?

చీకటిగది:
తప్పకుండా చూడండి. ఆరు భాగాల్లో ఆరు కథలు, అన్నీ ఒకే రోడ్డు ప్రమాదం దగ్గరికి చేరతాయి. అలాంటిది స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి నవ్విస్తే కుదరదు.

పాతయాంటెన్నా:
ఆ అల్లిక బాగాలేదని నేనెప్పుడూ అనలేదు.

చీకటిగది:
చచ్చిపోయిందన్నారు. పైకి వెళ్లి చూసుకోండి.

పాతయాంటెన్నా:
సగం అన్నాను.