ఫిరాయింపు ఫిర్యాదుపై స్పీకర్ తేల్చకపోతే దారేంటి?

ప్రశ్న: మా ఎమ్మెల్యే ఒక పార్టీ గుర్తుమీద గెలిచి అధికార పార్టీ కండువా కప్పుకున్నారు. మామూలు ఓటరు అనర్హత పిటిషన్ వేయొచ్చా? స్పీకర్ కూడా అధికార పార్టీ మనిషే కదా.

జవాబు 1: వేయొచ్చండి. ఒడిశా కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. రాజీనామా చేయలేదన్న వాదనా నిలవదు. నడవడికను బట్టే పార్టీ వదిలినట్టు లెక్కగట్టొచ్చని 1994లోనే చెప్పింది. పిటిషన్‌తో పాటు ప్రతి జతపత్రం మీదా సంతకం, ధ్రువీకరణ పెట్టండి. అవి లేవని పక్కన పడేసే వీలుంది. పేపర్ కటింగులు బలహీనం. వేరే పార్టీ తరఫున నామినేషన్ వేసి ఉంటే దాని ధ్రువీకృత నకలు తీసుకోండి, అంతకు మించిన ఆధారం లేదు.

జవాబు 2: అసలు జబ్బు కాలయాపన. ఆంధ్రప్రదేశ్‌లో 2014–19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు, సభ గడువు ముగిసినా నిర్ణయం రాలేదు. ఇది స్పీకర్ కుర్చీకే అవమానం.

జవాబు 1: అవును. రాజ్యాంగంలో ఫిరాయింపుల నిరోధక నియమాలున్న పదో షెడ్యూల్లో స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో గడువు రాయలేదు, లొసుగంతా అక్కడే. సుప్రీంకోర్టు 1992 తీర్పు ప్రకారం స్పీకర్ నిర్ణయం వచ్చాకే కోర్టు సమీక్ష. అందుకే నిర్ణయమే ఇవ్వరు. మణిపూర్ కేసులో 2020లో మూడు నెలలు చాలన్నారు. తెలంగాణ పదిమంది ఎమ్మెల్యేల విషయంలోనూ 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలలే ఇచ్చింది. కాబట్టి పిటిషన్ అందినట్టు ఇచ్చిన రసీదు దాచి, మూడు నెలలు దాటగానే హైకోర్టులో రిట్ (అధికారిని ఆదేశించమని కోరే పిటిషన్) వేయండి. అనర్హుడిగా ప్రకటించమని కాదు, గడువులోగా తేల్చమని అడగండి.